పట్టణ ప్రణాళికలు - పట్టాలేని ప్రజలు

మన సీమలో ఏ పట్టణపు పొలిమేరకు పోయి చూచినను నేడు ఒకటే దృశ్యము. నిన్నమొన్నటివరకు జొన్నయో, శనగయో, ప్రత్తియో పండిన చేనిలో తెల్లరంగు పూసిన హద్దురాళ్లు వరుసలుగా పాతబడి యుండును. నడుమ ఎఱ్ఱమట్టి బాటలు. బాట మొదట సిమెంటు తోరణము. తోరణముమీద ఏ దేవతపేరనో వెలసిన యొక నగరము. ఆ నగరమున నివసించువాడు ఒక్కడును కానరాడు గాని సెంటు వెల మాత్రము దినదినాభివృద్ధి నొందుచుండును. చేను అమ్ముకొన్న రైతును మేము నిందింపము. వాన నమ్ముకొని మెట్ట దున్నువానికి ఇరువది పంటలలో కంటబడని రూకలు ఒక్క రిజిస్ట్రేషనుతో చేతబడుచుండగా వలదని చెప్పుట సులభము. చెప్పినవాడు వాని అప్పు తీర్పడు. కాని ఆ వెల ఎక్కడ పుట్టినది? రైతు చెమటలో పుట్టలేదు. వర్తకుని మూలధనములోను పూర్తిగా పుట్టలేదు. ఇచ్చట నూరడుగుల బాట పడునని, అచ్చట కచేరీ వచ్చునని, ఈ సర్వే నంబరు నివాసప్రాంతమునను ఆ సర్వే నంబరు పరిశ్రమల ప్రాంతమునను చేరునని ఒకానొక ప్రభుత్వ కార్యాలయమున గీచిన గీతలో పుట్టినది. ఆ గీత గీయు చేతిని నడుపువారెవరు, ఆ గీతక్రింద కాపురముండువారి మాట వినువారెవరు అనునదియే నేటి మా విచారణ.

నంద్యాల జిల్లా ఆత్మకూరువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ఆనకట్ట వెనుక 1981 మొదలు నీరు నిలువసాగినప్పుడు, కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరు గ్రామములకు పైగా, లక్ష ఎకరములకు పైగా భూమి మునిగిపోయినది. అందు నాటి ఆత్మకూరు, నందికొట్కూరు తాలూకాల పల్లెలు కలవు. ఏటేట వేసవిలో నీరు తీసినప్పుడు బయటపడి మరల వానకాలమున మునిగిపోవు సంగమేశ్వరాలయము నేటికిని ఆ కథకు సాక్షి. ఇండ్లు తమంత తాము విడువనివారిని 1981 వేసవిలో ప్రభుత్వమే ముందుండి కూల్చి పంపినది. నాటి పరిహారమంతయు 1894 నాటి భూసేకరణ చట్టము ననుసరించి యిచ్చినది. పట్టా గలవానికి భూమి వెల, గోడలు గలవానికి గోడల వెల. ఆ భూమిలో మూడు తరములుగా కూలి చేసినవానికి, ఆ యూరి బట్టలుతికినవానికి, కుండలు చేసినవానికి, ఒకరి చేను గుత్తకు దున్నినవానికి ఆ చట్టపు లెక్కలో వెల లేదు. ఇంటి కొక ఉద్యోగ మిత్తుమని 1986లో 98వ నంబరు ఉత్తరువు వెలువడినది. ఆ ఉత్తరువును చేతబట్టుకొని కచేరీల చుట్టు తిరిగినవారు తలలు నెరసి, తమ బిడ్డలనుగూడ అదే పనిలో ప్రవేశపెట్టినారు. ఊరు కోల్పోయినవాడు పట్టణము చేరక ఎక్కడికి పోవును? ఆనకట్ట ముంపు పల్లెను పోగొట్టినది, పల్లెవాడు పట్టణపు చివర గుడిసె వేసికొన్నాడు. నేడు పట్టణము పెరిగి ఆ చివర నడిబొడ్డగుచున్నది గనుక అచ్చటినుండియు లేచి పొమ్మను దినము సమీపించినది.

ఈ యన్యాయమును దేశము గుర్తింపలేదని చెప్పరాదు. 1894 నాటి చట్టమును త్రోసివైచి 2013లో క్రొత్త భూసేకరణ చట్టమును పార్లమెంటు చేసినది. 2014 జనవరి 1వ తేది నుండి అది అమలులోనికి వచ్చినది. అందు 'బాధిత కుటుంబము' అను మాటకు వ్రాసిన యర్థమును మన పాఠకులు శ్రద్ధగా చదువవలయును. భూమి లేకున్నను, సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ ప్రాంతమున వ్యవసాయకూలిగానో, కౌలుదారుగానో, చేతిపనివాడుగానో జీవించు కుటుంబము బాధిత కుటుంబమే. పట్టణములలో మూడేండ్లుగా ఒక స్థలమున నివసించుచున్న కుటుంబమును బాధిత కుటుంబమే. ప్రైవేటు కంపెనీకొరకు సేకరించినచో నూటికి ఎనుబదిమంది భూయజమానులును, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమునకైనచో నూటికి డెబ్బదిమందియు సమ్మతింపవలయును. ఎవరెవరి బ్రతుకు ఎట్లు చెడునో ముందుగా విచారించి, గ్రామసభ పెట్టి వినిపింపవలయును. నూటయిరువదేండ్ల తరువాత మొట్టమొదటిసారిగా పట్టాలేని మనుష్యుడు చట్టపు కంటికి కనబడినాడు.

కనబడినవెంటనే ఏమి జరిగినది? చట్టము మారగా దారియు మారినది. భూమిని 'సేకరించినప్పుడు' గదా ఈ బాధలన్నియు! సేకరింపకయే పని జరుపుకొను ఉపాయములు మూడు మన రెండు తెలుగు రాష్ట్రములలోను వాడుకలోనికి వచ్చినవి. ఒకటి, మాస్టర్ ప్లానులో పొలమునకు రంగు మార్చుట. రెండవది, 'సమీకరణ' పేర యజమానులతోనే ఒడంబడిక చేసికొనుట. మూడవది, నివాసులను ఆక్రమణదారులని పిలుచుట. మూడింటిలోను భూమి చేతులు మారును, వెలలు మారును, మనుష్యులు లేచిపోదురు. 2013 చట్టము పుస్తకములో భద్రముగా నుండును.

మొదటి యుపాయమునకు కామారెడ్డి కథ తగిన యుదాహరణము. దానిని కొంచెము వివరముగ చెప్పుదుము. ఏలయన, మా యెఱుకలో ఇటీవలి కాలమున సామాన్యజనులు పట్టణపటము నెదిరించి గెలిచిన సందర్భములలో అది ముఖ్యమైనది.

తెలంగాణములోని కామారెడ్డి పురపాలక సంఘమున చుట్టుపట్ల పల్లెలను కలిపి, పట్టణమును విస్తరింపనెంచి 2022 నవంబరులో మాస్టర్ ప్లాను చిత్తుప్రతిని ప్రకటించిరి. అభ్యంతరములు చెప్పుకొనుటకు 2023 జనవరి 11వ తేదివరకు గడువిచ్చిరి. అడ్లూరు, అడ్లూరు ఎల్లారెడ్డి, ఇల్చిపూరు, టెక్రియాలు, లింగాపూరు, రామేశ్వరపల్లి మున్నగు గ్రామముల రైతులు పటమును తెచ్చి తమ సర్వే నంబర్లను వెదకికొనగా, రెండు పంటలు పండు భూములు పరిశ్రమల ప్రాంతముగను, నూరడుగుల బాటగను మారియున్నవి. భూమి తీసికొనము, ఇది కేవలము చిత్తుప్రతి, భయపడవలదు అని అధికారులు చెప్పిరి. ఆ మాట అక్షరార్థమున అసత్యము గాకపోవచ్చును. కాని పరిశ్రమలరంగు పడిన పొలమును తండ్రి కూతురి పెండ్లికి అమ్మబోయినచో కొనువాడు ఎవడు? ఇల్లు కట్టబోయినచో అనుమతి యెక్కడిది? భూమి రైతు పేరనే యుండును. భూమిమీది స్వాతంత్ర్యము మాత్రము అతనిని విడిచిపోవును. తుదకు కొనువాడు ఒకడే మిగులును, వాడు చెప్పినదే వెల. ఇది జప్తుకంటె మృదువైనది. అందుచేతనే ఎక్కువ ప్రమాదకరమైనది.

ఆ గ్రామములవారు ముందు అర్జీలిచ్చిరి. జనవరి మొదటివారమున అడ్లూరు ఎల్లారెడ్డి రైతొకడు తన భూమి పోవునను దిగులుతో ప్రాణము తీసికొన్నాడు. మరునాడు, జనవరి 5న, వేలాది రైతులు, స్త్రీలు బిడ్డలతోసహా, కలెక్టరు కార్యాలయమునకు నడచివచ్చిరి. పోలీసులతో త్రోపులాట జరిగినది. 6న పట్టణము బందు పాటించినది. రైతులు న్యాయస్థానమునకును పోయిరి. ఆ నెల 20వ తేది లోపలనే పురపాలక సంఘము సమావేశమై ఆ చిత్తుప్రతిని రద్దుచేయుచు తీర్మానించినది. అదే నెలలో జగిత్యాలలోను అట్లే పల్లెలు లేచినవి, అట్లే ప్రణాళిక వెనుకకు పోయినది. ఒక ప్రాణము పోయినతరువాత రెండు వారములలో రద్దు కాగలిగిన పటము, ఆ ప్రాణము పోకముందు ఎందుకు రద్దు కారాదు? ఈ ప్రశ్నకు ఎవరును బదులు చెప్పలేదు. ఆ సంవత్సరము నవంబరులో వచ్చిన శాసనసభ యెన్నికలలో నాటి ముఖ్యమంత్రియు, పిమ్మట ముఖ్యమంత్రి యైన పెద్దమనుష్యుడును కామారెడ్డిలోనే నిలిచి యిద్దరును ఓడిరి. దానికి కారణములు పెక్కు గలవు. మాస్టర్ ప్లాను ఒక్కటే యని మేము వాదింపము. అయినను ఆ తాలూకా రైతు తన సర్వే నంబరును మరచి ఓటు వేసియుండునని మేము నమ్మజాలము.

కామారెడ్డివారు ఏల గెలిచిరి? వారు చిత్తుప్రతి చిత్తుప్రతిగా నున్నప్పుడే వచ్చిరి. మన దేశమున పట్టణ ప్రణాళికకు ఆధారమైన చట్టములలో మన ప్రాంతమునకు మూలమైనది 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టము. అందు ప్రజలకు ఉన్న తలుపు ఒక్కటియే: ప్రకటనకును తుది యామోదమునకును నడుమ నున్న అభ్యంతరముల గడువు. ఆ తలుపు సాధారణముగ పురపాలక కార్యాలయపు నోటీసుబల్లమీద, ఇంగ్లీషు అక్షరములతో, గోరంత ముద్రించిన పటరూపమున తెరచుకొని, ఎవరును చూడకుండగనే మూతపడును. కామారెడ్డి రైతులు ఆ తలుపు మూయకముందే గుమ్మములో కాలు పెట్టిరి. ఇది మొదటి కారణము. రెండవ కారణము మనకు చెప్పుటకు కొంత సంకోచముగ నున్నను చెప్పక తప్పదు: వారి చేతిలో పాసు పుస్తకములున్నవి. వారు భూస్వాములు, ఓటర్లు, ఊరిలో పేరున్నవారు. కలెక్టరు ఎదుట వారు ప్రార్థులుగా గాక హక్కుదారులుగా నిలువగలిగిరి. అదే పల్లెలలో వారి పొలములు కౌలుకు చేసినవారును, కూలికి పోయినవారును ఆ ఊరేగింపులో నడచియేయుందురు. గెలుపులో వారి భాగమెంతయో మాత్రము ఎవరును వ్రాసి పెట్టలేదు.

ఇక గీత గీయు చేతిని నడుపువారి మాట. భూవ్యాపారి సంచి పట్టుకొని రాత్రివేళ మంత్రియింటికి పోవునని, పని అట్లు జరుగునని మనవారు కథలు చెప్పుకొందురు. అంత శ్రమ వానికి అక్కరలేదు. 2006 మార్చిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము 86వ నంబరు ఉత్తరువుతో హైదరాబాదులో స్థలవైశాల్యమునుబట్టి కట్టడపు విస్తీర్ణమునకు గల పరిమితిని తీసివైచినది. బాట వెడల్పును, చుట్టు విడువవలసిన ఖాళీని బట్టి ఎంత యెత్తైనను లేపవచ్చునన్నది. ఒక్క కలపుపోటుతో అంతస్తులు ఆకాశమున పుట్టినవి. అంతస్తులతో స్థలముల వెల. వెలతోపాటు ఆ చుట్టుపట్ల అద్దెలు. దాని న్యాయాన్యాయములు నిపుణులు తేల్చుకొందురు గాక. నగరమునకు నీటి కొళాయి, మురుగుకాలువ, బాట, బడి ఎంతవరకు చాలునో లెక్క వేయుటకు ముందే వర్తకునకు ఎంత చాలునో లెక్క తేలినదని మా ఆక్షేపణ.

అనుమతిలేని లేఅవుట్ల కథ మఱియు విచిత్రము. లేఅవుటు వేయువాడు నూటికి పదిపాళ్లు ప్రజలకు ఖాళీ స్థలము విడువవలెనని నియమము. విడువకయే అమ్ముకొన్నాడు. కొన్నవాడు బీదవాడు, గుమాస్తా, బడిపంతులు. జీవితకాలపు పొదుపు అందులో పోసినవాడు. కొన్నాళ్లకు ప్రభుత్వము క్రమబద్ధీకరణ పథకము తెచ్చును. 2020లో రెండు రాష్ట్రములును తెచ్చినవి. ఖాళీ స్థలము విడువలేదు గనుక ప్లాటు వెలలో నూటికి పదునాలుగు పాళ్లు కట్టుము, తప్పు ఒప్పగునన్నది. ఎవరు కట్టవలెను? విడువక అమ్మిన వర్తకుడు కాదు, కొన్న గుమాస్తా! ఆ ధనము ఖజానాకు చేరినది. బిడ్డలు ఆడుకొనవలసిన ఎకరము మాత్రము ఎన్నటికిని తిరిగి రాదు. ఖజానాలో రూకలమీద బంతి యాడుట కుదరదు గదా.

హైదరాబాదు పశ్చిమమున గండిపేట, హిమాయతుసాగరు చెరువుల పరీవాహకమున 84 గ్రామములలో కట్టడములు కూడవని 1996లో 111వ నంబరు ఉత్తరువు చేసిరి. 1908 నాటి మూసీ వరదలో వేలమంది చనిపోయిన పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సలహాపై కట్టిన చెరువులవి. ఒకవైపు వరదకు అడ్డు, మఱొకవైపు నగరమునకు త్రాగునీరు. ఇరువదియాఱేండ్ల తరువాత, 2022 ఏప్రిలులో, 69వ నంబరు ఉత్తరువు ఆ కట్టును సడలించినది. 2023 మేలో మంత్రివర్గము దానిని పూర్తిగా ఎత్తివేయ నిశ్చయించినది. ఇందు వర్తకులే దోషులని చెప్పుట సులభము. నిజము అంతకంటె చిక్కుగానున్నది. ఆ 84 గ్రామముల రైతులే ఏండ్ల తరబడి ఎత్తివేయుడని మొరపెట్టిరి. తమ పొరుగు గ్రామమున ఎకరము కోట్లు పలుకుచుండగా, తమ యెకరము నగరపు దాహమునకొరకు చౌకగా పడియుండవలెనా అని వారడిగిరి. ఆ యడుగుట అన్యాయము కాదు. నగరము నీరు త్రాగి, త్రాగించినవానికి ఏమియు ఇయ్యకపోవుట అన్యాయము. ఆ యన్యాయపు బీటలోనుండియే వర్తకుడు లోపలికి వచ్చినాడు. ఎక్కడ ప్రభుత్వము రైతునకు న్యాయమైన బదులు ఇయ్యదో అక్కడ భూవ్యాపారి రైతుబంధువై వెలయును.

రెండవ యుపాయమైన సమీకరణము అమరావతిలో జరిగినది. 2015లో 29 గ్రామముల రైతులు ముప్పదిమూడు వేల యెకరములకు పైగా రాజధానికి ఇచ్చిరి. ఎకరము మెట్ట యిచ్చినవానికి వేయి గజముల నివాస స్థలము, ఇన్నూటయేబది గజముల వాణిజ్య స్థలము, పదేండ్లు కౌలు. భూమిలేని కూలి కుటుంబమునకు నెలకు రెండువేల అయిదువందల రూపాయలు. ఒకే పొలముమీద బ్రతికిన యిద్దరిలో ఒకరికి రాజధానిలో వాటా, ఒకరికి పింఛను! 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటనము వచ్చినప్పుడు ఆ రైతులు చేసిన దీర్ఘపోరాటమును, 2021 నవంబరులో తిరుపతికి చేసిన పాదయాత్రను, 2022 మార్చి 3న ఉన్నతన్యాయస్థానమున వారు పొందిన తీర్పును దేశమంతయు చూచినది. సీమవారమగు మనకు ఆ రాజధాని విషయమున మన బాధ మనకున్నది. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికను, 1953 నుండి మూడేండ్లు కర్నూలు అనుభవించిన రాజధానీ వైభవమును ఇచ్చట త్రవ్వి తీయము. ప్రభుత్వము ఒకసారి సంతకము చేసిన మాటకు కట్టుబడవలెనను ఆ రైతుల వాదము మాత్రము ఏ సీమకైనను ధర్మమే.

కాని 2023లో ఏమైనది? ప్రభుత్వము అమరావతిలో ఆర్-5 అను క్రొత్త ప్రాంతము నేర్పరచి, గుంటూరు, ఎన్టీఆరు జిల్లాల పేదలు సుమారు ఏబదివేలమందికి తలకొక సెంటు చొప్పున స్థలములిచ్చినది. రాజధాని రైతులు ఎదిరించిరి. తాము రాజధానికని యిచ్చిన భూమిని వేరొకదానికి వాడరాదని వారి వాదము; ఆగస్టు 3న న్యాయస్థానము కట్టడములను నిలిపివైచినది. ప్రభుత్వపు టెత్తుగడలో రాజకీయ కుటిలత్వము లేదని మేము చెప్పము. ఒక సెంటులో, అనగా నలుబదియెనిమిది గజములలో, మనుష్యుడు కాపురముండగలడని నమ్మించుటయు దయ కానేకాదు. అయినను ఆ తగవులో నిలిచిన పేదవాని దిక్కునుండి ఒకసారి చూడుడు. ప్రభుత్వమునకు అతడు ప్రత్యర్థిమీద విసరు రాయి. యజమానులకు అతడు ఒడంబడికకు భంగము. అతనికి కావలసినది నగరములో పనికి దగ్గరగా తల దాచుకొను చోటు మాత్రమే. భూయజమానుల యుద్యమము ఎంత ధర్మమైనదైనను, తన ప్రక్కన నిలిచిన పట్టాలేనివానిని మరచినప్పుడు, తాను ఎదిరించిన వారివలెనే మాటలాడసాగునని అమరావతి చూపినది. మా పాఠకులలో పెక్కుమంది భూమిగలవారు. ఈ మాట వారికి రుచింపకపోవచ్చును.

మూడవ యుపాయమునకు మూసీ సాక్ష్యము. నది బాగుపడవలయును, ఇందు సందేహము లేదు. నగరములోపలి ఏబదియైదు కిలోమీటర్ల పొడవున ఆ నది మురుగుకాలువగా మారియుండుట తెలుగుజాతికి సిగ్గుచేటు. కాని 2024 సెప్టెంబరు చివర చాదర్‌ఘాటు, మూసానగరు, శంకరనగరు పేటలలో ఇండ్ల గోడలమీద ఎఱ్ఱరంగుతో మూడు ఇంగ్లీషు అక్షరములు వ్రాసి పోయిరి. ఆ యింట కాపురమున్నవారిలో ఆ యక్షరముల భావము తెలిసినవారెందఱు? నదీగర్భమని, కూల్చబడునని తరువాత తెలిసినది. డబుల్ బెడ్రూము ఇండ్లిత్తుమనిరి; కొందఱు సమ్మతించి పోయిరి. తక్కినవారు వీథులలోనికి వచ్చిరి. వారి ప్రశ్నలు సామాన్యమైనవి. ఈ యింటికి కరెంటు బిల్లు వసూలు చేసినప్పుడు, ఇంటిపన్ను తీసికొన్నప్పుడు, రిజిస్ట్రేషను చేసి ముద్ర వేసినప్పుడు ఇది నది అని మీకు తెలియదా? ఇచ్చట మేకులు, పాత యినుము, కూరలు అమ్మి బ్రతుకువాడు పదిమైళ్ల యవతల నాలుగవ యంతస్తునుండి ఏమి అమ్మును? కూల్చిన చోట నది వచ్చునా, లేక నదివైపు కిటికీలు తెరచుకొను మేడలు వచ్చునా?

ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యమైనది. పేదపేట బాగుపడుట యొకటి, బాగుపడిన పేటలో పేద లేకుండుట యొకటి. 1964లో లండనులో రూత్ గ్లాస్ అను సమాజశాస్త్రజ్ఞురాలు దీనికి ఇంగ్లీషులో ఒక క్రొత్త పేరు పెట్టినది. కూలివాండ్ర పేటలను కలిగినవారు క్రమముగ కొని, మరమ్మతు చేసికొని, తుదకు ఆ పేట రూపమునే మార్చుటను ఆమె అచ్చట కనిపెట్టినది. మన తెలుగులో పేదపేట పెద్దపేట యగుట యందుము. లండనులో అది అంగడిచేత మెల్లగా జరిగినది. మనదేశమున తఱచు ప్రభుత్వమే ముందు కూల్చి, అంగడికి వెనుకనుండి త్రోవ యిచ్చును. మూసీలో ఇల్లుగలవానికి ఇల్లిత్తుమనిరి సరే; ఆ యింటిలో ఒక గది అద్దెకు పుచ్చుకొని యున్న కుట్టుపనివానికి ఏమి యిత్తురు? ఏ జాబితాలో అతని పేరు ఉన్నది? నగరమునకు వలసవచ్చిన మన పాలమూరు, కర్నూలు కూలీలలో అధికసంఖ్యాకులు అద్దెవారే.

న్యాయస్థానములు ఈ విషయమున మౌనముగ నుండలేదు. కాలిబాటమీద నివసించువానికిని జీవనోపాధి జీవించు హక్కులో భాగమని సుప్రీముకోర్టు 1985లోనే ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అయినను విచారించి వారిని తొలగింపవచ్చుననియు చెప్పినది. 2024 సెప్టెంబరు 30న తెలంగాణ ఉన్నతన్యాయస్థానము, శని ఆదివారములలో కూల్చుటయేమని అధికారులను నిలదీసినది. నవంబరు 13న సుప్రీముకోర్టు పదునైదు దినముల నోటీసు లేక ఇల్లు కూల్చరాదని దేశమంతటికి నియమము చేసినది. అయితే బాట, నది, రైలుమార్గము మున్నగు ప్రజాస్థలములలోని కట్టడములకు ఆ రక్షణ వర్తింపదని అందే మినహాయించినది. అనగా మూసీ యొడ్డువానికి ఆ తీర్పు గొడుగు నీడ సగము మాత్రమే.

ఇతరదేశములలో అద్దెవారు మఱియొక త్రోవ త్రొక్కిరి. జర్మనీ రాజధాని బెర్లినులో మూడువేలకు మించిన ఇండ్లుగల పెద్ద కంపెనీలనుండి ఇండ్లను ప్రజల వశము చేయవలెనా యని 2021 సెప్టెంబరు 26న జనవాక్యము తీసికొనగా, చెల్లిన ఓట్లలో నూటికి ఏబదితొమ్మిది పాళ్లు ఔననినవి. ఆ తీర్పు ప్రభుత్వమును కట్టివేయునది కాకపోవుటచే వెంటనే అమలు కాలేదు. మనకు బెర్లిను త్రోవ పనికివచ్చునని మేము చెప్పుట లేదు. అచ్చట అద్దెవాడు తాను అద్దెవాడనని చెప్పుకొనుటకు సిగ్గుపడక సంఘము కట్టినాడు. మనయొద్ద అద్దెవాడు రసీదు అడుగుటకే భయపడును.

మరల ఆత్మకూరునకు వత్తము. నల్లమల అంచున నున్న యీ పట్టణము కర్నూలునుండి దోర్నాలకు పోవు త్రోవలో నున్నది. శివరాత్రికి వెంకటాపురము, నాగలూటి మీదుగా శ్రీశైలము నడచిపోవు భక్తులకు మజిలీ. ఒకవైపు అడవి, పులుల సంరక్షణ ప్రదేశము. కావున ఊరు ఆ దిక్కున పెరుగుటకు వీలులేదు. పెరుగుట తక్కిన దిక్కులనే, పొలములమీదనే జరుగవలయును. అట్లు కట్టుపడిన పట్టణమున వెల త్వరగా పెరుగును, బీదవాడు త్వరగా తరుమబడును. డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణము పురపాలనకు ప్రణాళికాధికారము నీయవచ్చునన్నది గాని, వార్డు సంఘములను మూడు లక్షల జనాభాకు తక్కువ గాని పురములలోనే తప్పనిసరి చేసినది. ఆత్మకూరు వంటి చిన్న పట్టణమున కౌన్సిలరు తప్ప వార్డువాని నోరు వేరొకటి లేదు. ఆ కౌన్సిలరే భూవ్యాపారియైనచో ఆ నోరును మూతపడినదే.

కావున చిన్న పట్టణములలోని పెద్దమనుష్యులు, వకీళ్లు, ఉపాధ్యాయులు, రైతు సంఘములవారు ఆలోచింపవలసిన పనులు కొన్ని కలవు. మాస్టర్ ప్లాను చిత్తుప్రతి వెలువడిన దినముననే సర్వే నంబర్లతోసహా తెలుగున పెద్దపటముగా వ్రాయించి ప్రతి వార్డులోను, చేరిన ప్రతి పల్లె చావడిలోను వ్రేలాడదీయుటకు పురపాలక సంఘమును నిర్బంధింపవలెను. అది చేయకున్నచో చందాలు వేసికొని తామే చేయవలెను. కామారెడ్డి రైతులు తమ సర్వే నంబర్లను తామే వెదకికొనిరి. అభ్యంతరముల విచారణ కచేరీలో గాక వార్డులో, కూలికి పోయినవారు తిరిగివచ్చిన సాయంకాలమున జరుగవలెను. రంగు మార్చుటవలన పెరిగిన వెలలో కొంత భాగము ఆ పట్టణమునందే అద్దెవారికి ఇండ్లు కట్టుటకై కేటాయింపవలెను. కౌన్సిలర్లును, వారి బంధువులును ఆ పటము పరిధిలో కలిగియున్న భూములను పటముతోపాటే ప్రకటింపవలెను. ఈ కడపటి దానికి గట్టి ప్రతిఘటన వచ్చునని మాకు తెలియును.

అన్నిటికంటె ముందు చేయవలసినది మాత్రము ఖర్చులేనిది. రంగు పడబోవు ప్రతి సర్వే నంబరుకు ఎదుట పట్టాదారు పేరుతోపాటు, ఆ నేలను కౌలుకు దున్నువాని పేరును, అందు గుడిసె వేసికొన్నవాని పేరును, ఆ యింటిలో అద్దెకున్నవాని పేరును వ్రాయింపవలెను. మూడేండ్ల నివాసమునకు 2013 చట్టము విలువ యిచ్చినది. రేపు న్యాయస్థానమున ఆ మూడేండ్లు రుజువు చేయవలసివచ్చును. శ్రీశైలము ముంపులో పోయినవారిలో కూలివాండ్ర లెక్క నాడెవరును పల్లెవారీగా వ్రాయించియుంచిన, 98వ నంబరు ఉత్తరువు చేతబట్టుకొని నలుబదియేండ్లు తిరిగినవారికి ఆ కాగితము అక్కరకు వచ్చియుండెడిది. కామారెడ్డివారికి గడువు అఱువది దినములు. ఆత్మకూరునకు ఆ గడువు వచ్చునప్పటికి ఈ జాబితా సిద్ధముగ నుండవలెను.